హెర్నియా మెష్, చీము భయం: ఒక నమ్మకం చరిత్ర

కొంతకాలం క్రితం ఒక రైతు తన భార్య రిపోర్టులు తీసుకుని నా వద్దకు వచ్చాడు. ఆమెకు పాత ఆపరేషన్ కోత వద్ద పెద్ద హెర్నియా ఉంది. అందులో పేగు అతుక్కుపోయింది. పేగును కొంత కోసి కలపవలసి రావచ్చు కనుక చీము పట్టే ప్రమాదం ఎక్కువని, మామూలు మెష్‌కు బదులు పంది చర్మంతో తయారైన మెష్ వేయించుకోవడం మేలని ఎవరో చెప్పారట. "లక్షల్లో అవుతుందంటున్నారు డాక్టరుగారూ, పొలం అమ్మమంటారా?" అని అడిగాడు. ఆ సలహా వెనుక ఒక చరిత్ర ఉంది.

1880లలో ఇటలీకి చెందిన బస్సీని గజ్జలోని హెర్నియాను కుట్లతో సరిచేసే పద్ధతిని స్థిరపరచాడు. పెద్ద హెర్నియాలకు మాత్రం కుట్లు చాలేవి కావు. లాగి బిగించిన కండ మళ్ళీ విడిపోయేది. వెండి తీగల అల్లికలు, ఆపైన టాంటలమ్ అనే లోహపు జాలి వాడి చూశారు. శరీరం కదిలేకొద్దీ ఆ లోహం విరిగి ముక్కలయ్యేది. 1958లో అమెరికాలోని హ్యూస్టన్ నగరపు సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ ప్లాస్టిక్ మెష్‌ను పరిచయం చేశాడు. కొద్ది సంవత్సరాలలోనే పాలీప్రొపిలీన్ దారంతో అల్లిన మెష్ వచ్చింది. నేటికీ మన ఆసుపత్రులలో ఎక్కువగా వాడేది దాని సంతతినే.

వియత్నాం యుద్ధకాలంలో, చీము పట్టిన పొట్ట గాయాలను మూయడానికి సైతం ఆ ప్లాస్టిక్ మెష్‌ను ఉపయోగించారు. 1967లో వెలువడిన నివేదిక ఆశాజనకంగానే ఉంది. అయితే 1981లో మరొక అమెరికన్ సర్జన్ల బృందం అటువంటి రోగుల తరువాతి స్థితిని పరిశీలించింది. కొందరిలో మెష్ చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. మరికొందరిలో పేగుకు రంధ్రం పడి మలం పొట్ట మీదికి కారింది. అటువంటి రోగిని చూసిన సర్జన్ మరిచిపోలేడు. మా తరానికి "చీము ఉన్నచోట ప్లాస్టిక్ పెట్టరాదు" అన్న మాట వేదవాక్యమైంది. ఆ మెష్‌లను అత్యవసరంగా, చాలావరకు పేగుకు తగిలేలా, పైన సరైన కప్పు లేకుండా పెట్టారన్న సంగతిని మాత్రం మేము అంతగా పట్టించుకోలేదు.

1997లో లాస్ ఏంజెలెస్ సర్జన్ పర్విజ్ అమిద్ మెష్‌లను రంధ్రాల పరిమాణాన్ని బట్టి వర్గీకరించాడు. బాక్టీరియా సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. దానిని మింగే తెల్లకణం పది మైక్రాన్లకు మించి ఉంటుంది. రంధ్రం అంతకంటే చిన్నదైతే దొంగ దూరగలడు, పోలీసు దూరలేడు. అందుకే గోర్‌టెక్స్ వంటి సూక్ష్మరంధ్రాల మెష్‌కు చీము పడితే సాధారణంగా తీసివేయవలసి వస్తుంది. పెద్ద రంధ్రాల, ఒంటిపోగు దారపు పాలీప్రొపిలీన్‌ను యాంటిబయాటిక్స్‌తోను, గాయపు శుద్ధితోను చాలాసార్లు కాపాడుకోవచ్చు. కరిగిపోయే మెష్ కూడా ఉంది. అది కరిగాక హెర్నియా తిరిగి రావచ్చు.

ఈలోగా 2000 దశకంలో మనిషి చర్మం, పంది చర్మాల నుండి కణాలు తొలగించి తయారుచేసిన మెష్‌లు రంగప్రవేశం చేశాయి. వాటిలోకి రక్తనాళాలు పెరుగుతాయి కనుక చీమును తట్టుకుంటాయన్నది వాదన. వినడానికి సబబుగానే ఉంది. గట్టి పరీక్ష జరగకముందే వాడకం విస్తరించింది. 2012లో వెలువడిన ఒక అధ్యయనంలో, పంది చర్మపు మెష్ వేసిన రోగులలో రెండేళ్ళకే 28 శాతం మందికి హెర్నియా తిరగబెట్టింది. 2022లో అమెరికాలో 253 మందిపై జరిగిన పరిశోధన రెండింటినీ ముఖాముఖి పోల్చింది. పేగు తెరవడం వంటి కారణాలతో కలుషితమైన ఆపరేషన్లే అన్నీ. రెండేళ్ళలో హెర్నియా తిరగబెట్టినవారు జంతుచర్మపు మెష్‌తో 20.5 శాతం, పాలీప్రొపిలీన్‌తో 5.6 శాతం. గాయపు చిక్కులలో చెప్పుకోదగిన తేడా లేదు. మెష్ ధర ఒకదానికి ఇరవై వేల డాలర్ల పైమాట, మరొకదానికి సుమారు వంద డాలర్లు!

అక్కడ మెష్‌ను పేగుకు తగలకుండా కండరం వెనుక పొరలో పరచారు. 1981 నాటి రోగులకు లేనిది ఆ రక్షణే. చీము నిండిన గాయాలను ఆ పరిశోధనలో చేర్చలేదు. అటువంటప్పుడు ముందు శుద్ధిచేసి, హెర్నియా సంగతి కొన్ని నెలల తరువాత చూడటమే నేటికీ మంచిది.

పొలం అమ్మవద్దని ఆ రైతుకు చెప్పాను. మెష్‌ను ఏ పొరలో పెడతారు, దాని రంధ్రాలు పెద్దవేనా అని సర్జన్‌ను అడగమని ఒక కాగితం మీద రాసి ఇచ్చాను. రిపోర్టులలో ఆమె షుగర్ చాలా ఎక్కువగా కనిపించింది. చీముకు మెష్ కంటే అది పెద్ద కారణం కాగలదు. పేగు బిగుసుకున్న లక్షణాలేవీ లేవు కనుక, ముందు షుగర్ అదుపులోకి తెచ్చుకుని ఆపరేషన్ తేదీ అడగమన్నాను.