దారి ఎవరిది? బేస్‌బాల్ అంపైర్లకు పట్టిన చిక్కు

బేస్‌బాల్‌లో పరుగు తీసే రన్నరూ ఫీల్డరూ ఢీకొన్నప్పుడు అంపైరు తేల్చాల్సింది ఆ క్షణాన దారి ఎవరిదని. బ్యాటర్ కొట్టిన బంతిని అందుకోబోతున్న ఫీల్డరుదే దారి, రన్నరు తప్పుకోవాలి. బంతితో పనిలేని ఫీల్డరు రన్నరుకు అడ్డు రాకూడదు. చెప్పడానికి ఇంతే. అమలు చేయడమే కష్టమైంది.

1890లలో ఆటకు సాధారణంగా ఒక్కడే అంపైరు. ఆయన కళ్లు బంతి మీద ఉండగా బాల్టిమోర్ ఆటగాడు జాన్ మెక్‌గ్రా రన్నర్ల నడుం బెల్టు పట్టుకుని ఆపేవాడని చెబుతారు. అంపైర్లు పెరిగాక దొంగచాటు పనులు తగ్గాయి. కళ్లెదుట జరిగినదాన్ని ఏమనాలన్న పేచీ మాత్రం మిగిలింది.

1975 వరల్డ్ సిరీస్ మూడో ఆట, సిన్సినాటి, పదో ఇన్నింగ్స్. సిన్సినాటి బ్యాటర్ ఎడ్ ఆర్మ్‌బ్రిస్టర్ బంతిని మెల్లగా ముందుకు తట్టాడు. దానికోసం దూకిన బోస్టన్ క్యాచర్ కార్ల్‌టన్ ఫిస్క్ అతన్ని ఢీకొన్నాడు, విసిరిన బంతి గురి తప్పింది. అంపైరు లారీ బార్నెట్ తప్పేమీ లేదన్నాడు. ఆ ఇన్నింగ్స్‌లోనే సిన్సినాటి 6-5తో గెలిచింది. బార్నెట్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. నా దృష్టిలో ఆయన తీర్పు సరైనదే. ఒకరు బంతి కోసం, ఇంకొకరు మొదటి బేస్ కోసం బయలుదేరారు, ఇద్దరికీ హక్కుంది. ఇలాంటి తాకిడిని సాధారణంగా తప్పుగా చూడొద్దని ఇప్పటి నిబంధనల వివరణే చెబుతోంది.

హోమ్ ప్లేట్ దగ్గర మాత్రం చాలాకాలం క్యాచర్‌ను గుద్దేయడమే మగతనంగా చెలామణీ అయింది. 1970 ఆల్‌స్టార్ ఆటలో రన్నరు పీట్ రోజ్ గుద్దితే క్యాచర్ రే ఫాసీ భుజం విరిగింది, ఆ పరుగుతోనే ఆట ముగిసింది. 2011 మే 25న అలాంటి గుద్దుకే క్యాచర్ బస్టర్ పోజీ కాలు విరిగింది. 2014లో గానీ నిబంధన రాలేదు. క్యాచర్‌ను ఢీకొట్టడానికి రన్నరు తన దారి వదలకూడదు, బంతి లేని క్యాచర్ దారి మూయకూడదు. భుజం దించాడా, చేతులతో తోశాడా, ప్లేట్‌ను తాకే ప్రయత్నమే చేయలేదా అన్నవి అంపైరు చూడాల్సిన ఆనవాళ్లు.

మిగతా బేస్‌ల దగ్గరా ఇదే పేచీ. 2015లో రన్నరు చేజ్ అట్లీ నేలమీద జారుతూ చేసిన స్లైడుకు ఫీల్డరు రూబెన్ తెహాదా కాలు విరిగింది. రీప్లే చూసి, తెహాదా పాదం బేస్‌ను తాకలేదంటూ అట్లీని సేఫ్‌గా ప్రకటించారు. మరుసటి ఏడు స్లైడుకూ హద్దులు గీశారు.

మనసులోని ఉద్దేశాన్ని ఊహించమనకుండా కంటికి కనిపించేదాన్ని అడగడమే అంపైరుకు న్యాయం. 2013 వరల్డ్ సిరీస్ మూడో ఆటలో నేలమీద పడివున్న ఫీల్డరు విల్ మిడిల్‌బ్రూక్స్ తగిలి సెయింట్ లూయిస్ రన్నరు అలెన్ క్రెయిగ్ తూలాడు. అంపైరు జిమ్ జాయిస్ అడ్డగింతగా ప్రకటించడంతో సెయింట్ లూయిస్ 5-4తో గెలిచింది. అడ్డగింతకు ఉద్దేశంతో పనిలేదన్న నిబంధన అప్పటికే ఉంది. క్యాచర్‌కు మాత్రం ఫాసీ భుజం విరిగాక 44 ఏళ్లకు రక్షణ దొరికింది. అంత జాప్యానికి సమర్థన లేదు.