వినపడుతోందా? – చేతి రేడియోల కథ

మీలో నలభై దాటినవారికి ఈ దృశ్యం గుర్తుండే ఉంటుంది. 1980లలో ఒక ఆదివారం సాయంత్రం. ఇంకో పావుగంటలో దూరదర్శన్‌లో సినిమా. నాన్నగారు డాబామీద యాంటెన్నా గొట్టం పట్టుకుని నిలబడ్డారు. అమ్మ హాల్లో టీవీ ముందుంది. మధ్యలో మెట్లమీద నేను. "వచ్చిందా?" అని పైనుంచి కేక. "బొమ్మ వచ్చింది, మాట రావట్లేదు" అని కిందనుంచి జవాబు. ఒకరి మాట ఇంకొకరికి వినపడదు కనుక పైమాట కిందికీ, కిందిమాట పైకీ నేనే మోసేవాణ్ణి.

అప్పట్లో తెలియలేదు గానీ, డాబామీద నాన్నగారు చేసింది యాంటెన్నా పరీక్ష. మెట్లమీద నేను చేసిన పనికి రేడియో భాషలో రిపీటరు అని పేరు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించే.

అందని కబురు

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చిపెట్టింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. నేనప్పుడు వరంగల్‌లో ఇంజనీరింగు చదువుతున్నాను. అమ్మా నాన్నా ముమ్మిడివరం దగ్గర మా ఊళ్ళో ఉన్నారు. రెండు రోజులు ఎస్.టి.డి. బూతు ముందు నిలబడ్డాను. రింగు కూడా వెళ్ళలేదు. మూడోరోజు బస్సెక్కి రాజమండ్రి చేరాను. రావులపాలెం దాటాక కొంతదూరం లారీమీద, కొంతదూరం రోడ్డుకడ్డంగా పడిన కొబ్బరిచెట్లు దాటుకుంటూ నడక. ఊరు చేరేసరికి అయిదోరోజు. నాన్నగారు ఎగిరిపోయిన పెంకులు సర్దుకుంటున్నారు. నన్ను చూసి అడిగిన మొదటి మాట: "ఏరా, లారీ డ్రైవరుతో కబురు పంపాను, అందిందా?"

అందలేదు. ఆ సెమిస్టరులోనే నేను యాంటెన్నాల పేపరు చదువుతున్నాను. సమీకరణాలన్నీ నోటికొచ్చు. కానీ మా హాస్టలు మొత్తంలో ఒక్కరికైనా చేతిలో పట్టే రేడియోతో మాట్లాడటం తెలియదు. హైదరాబాదులో 1983లోనే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అనే సంస్థ మొదలైందన్న సంగతి కూడా నాకు అమెరికా వచ్చాకే తెలిసింది.

యుద్ధరంగం నుంచి మన చేతికి

చేతి రేడియో పుట్టుకలో ఇద్దరి పేర్లు ముందు చెప్పుకోవాలి. 1937లో కెనడాలో డొనాల్డ్ హింగ్స్, 1938లో అమెరికాలో ఆల్ గ్రాస్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, మనిషి మోసుకుపోగల రేడియోలు తయారుచేశారు. మొదటివాడెవరన్న వాదన మనకొద్దు. ఇద్దరికీ నమస్కారం పెడదాం.

రెండో ప్రపంచయుద్ధం ఈ పనికి వేగం తెచ్చింది. తర్వాత 1947లో మోటరోలా అని పేరు మార్చుకున్న షికాగోలోని గాల్విన్ కంపెనీ, ఎస్.సి.ఆర్-536 అనే రేడియోను సైన్యానికి ఇచ్చింది. ఒక చేత్తో పట్టుకునేది. బరువు రెండుంపావు కిలోలకు కాస్త ఎక్కువ. యాంటెన్నా బయటికి లాగితే చాలు, రేడియో ఆన్ అవుతుంది. నేలమీద అది అందుకునే దూరం సుమారు ఒక మైలు.

తర్వాత 1943 నుంచి యుద్ధరంగానికి వచ్చింది ఎస్.సి.ఆర్-300. వీపున తగిలించుకునే సంచిలాంటిది, సుమారు 15 కిలోలు. తమాషా ఏమిటంటే, అప్పట్లో వాకీటాకీ అన్నది ఈ వీపుమీది పెట్టెనే. చేతిలో పట్టేదాన్ని హ్యాండీటాకీ అనేవారు. ఈ వీపు రేడియోను తయారుచేసిన బృందానికి నాయకుడు డేనియల్ నోబుల్. ఆయన అంతకుముందు కనెక్టికట్‌లో ప్రొఫెసరు. ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంట్లు పొందిన ఎఫ్.ఎం. పద్ధతిని ఆ రాష్ట్రపు పోలీసు కార్లలో 1940 నాటికే పనిచేయించి చూపించినవాడు. సైన్యానికీ ఎఫ్.ఎం.నే ఎంచుకున్నాడు. 1942లో కెంటకీలోని ఫోర్ట్ నాక్స్‌లో జరిగిన పరీక్షల్లో, చుట్టూ ఎంత రొద ఉన్నా ఈ రేడియోలో మాట స్పష్టంగా రావడం అధికారులను మెప్పించింది.

దాని దూరం సుమారు మూడు మైళ్ళు. ఇక్కడ ఒక చిన్న విషయం గమనించండి. ఆ రేడియోతోపాటు సైనికుడికి రెండు యాంటెన్నాలు ఇచ్చేవారు. ఒకటి మూడడుగులకు లోపు, ఇంకొకటి పదడుగులు దాటింది. నడిచేటప్పుడు పొట్టిది, ఎక్కువ దూరం కావలసివస్తే పొడుగుది. రేడియో అదే, బ్యాటరీ అదే. యాంటెన్నా మారితే దూరం మారుతుందని ఆ రోజుల్లోనే సిపాయి చేతికి తెలుసు. మనం మరిచిపోయింది ఆ ముక్కే.

పెట్టెమీద ముప్ఫైఅయిదు మైళ్ళు

2009లో నాలుగు తెలుగు కుటుంబాలు కలిసి స్మోకీ పర్వతాలకు వెళ్ళాం. కొండల్లో సెల్‌ఫోన్లు పనిచేయవని ముందుజాగ్రత్తగా నేనే దుకాణంలో రెండు జతల వాకీటాకీలు కొన్నాను. పెట్టెమీద పెద్ద అక్షరాలతో 35 మైళ్ళు అని ఉంది. రెండో మలుపు తిరిగేసరికి వెనక కారు మాట ఆగిపోయింది. మా ఆవిడ ఆ పెట్టెను చాలాకాలం దాచింది, నన్ను ఆటపట్టించడానికి!

నిజానికి పెట్టెమీద అంకె పూర్తిగా అబద్ధం కాదు. ఒకరు కొండకొమ్మున, ఇంకొకరు లోయలో, మధ్య ఆకు కూడా అడ్డులేకుండా నిలబడితే అంత దూరం అందవచ్చు. మనం బతికేది అలాంటి చోట కాదు, అంతే.

ఈ రేడియో తరంగాలు దాదాపు చూపులాగే తిన్నగా వెళతాయి. భూమి గుండ్రం కనుక కొంతదూరం పోయాక నేల అడ్డొస్తుంది. ఎంత దూరమో చెప్పడానికి సులువైన లెక్క ఉంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. మనిషి చేతిలో రేడియో ఎత్తు మీటరున్నర అనుకుంటే అయిదు కిలోమీటర్లు. అదే వందమీటర్ల టవరుమీద పెడితే నలభైఒకటి! చెట్లూ ఇళ్ళూ గుట్టలూ ఉన్నచోట ఈ లెక్కలో చాలాభాగం కోత పడుతుంది.

కొన్నేళ్ళ తర్వాత అమెచ్యూర్ లైసెన్సు పరీక్ష పాసై, అసలు సంగతేమిటో తేల్చుకుందామని నేనూ ఒక మిత్రుడూ షార్లెట్‌లో మా పేటలోనే పరీక్షలు మొదలుపెట్టాం. ఆయన ఇంటి పెరట్లో నిలబడతాడు. నేను కారులో వెళ్ళి, ప్రతి అరమైలుకూ ఆగి, దిగి మాట్లాడతాను. సాఫ్ట్‌వేరువాళ్ళం కదా, నియమాలు పెట్టుకున్నాం. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండువైపులా బ్యాటరీలు నిండుగా ఉండాలి. అన్నీ పుస్తకంలో రాయాలి. అన్నిటికంటే ముఖ్యమైన నియమం మొదటిరోజు తప్పుచేసి నేర్చుకున్నాం. "వినపడుతోందా?" అని అడగకూడదు. అడిగితే సగం వినపడినా మనిషి "ఆఁ" అంటాడు! అందుకని నోటికొచ్చిన నాలుగు అంకెలు చదవడం, అవతలివారు వాటిని తిరిగి సరిగ్గా చెబితేనే అందినట్టు లెక్క.

ఫలితాలు చెబుతాను. రేడియోతో వచ్చిన పొట్టి రబ్బరు యాంటెన్నాతో, ఒక వాట్ శక్తితో, మైలు. శక్తి అయిదు వాట్లకు పెంచితే మైలున్నర. అంటే అయిదురెట్లు బ్యాటరీ ఖర్చుపెట్టి అరమైలు సంపాదించాం. మేం వాడే రెండుమీటర్ల తరంగానికి పావువంతు, అంటే దాదాపు అర్ధమీటరు యాంటెన్నా ఉండాలి. రబ్బరు తొడుగులో దాన్ని స్ప్రింగులా చుట్టి జానెడు చేస్తారు. జేబులో పడుతుంది గానీ బలం తగ్గుతుంది. దాని బదులు ఇద్దరం పూర్తి పొడుగు యాంటెన్నా తగిలిస్తే రెండు మైళ్ళు.

తర్వాత పాత టీవీలకు వాడే చదును రిబ్బను వైరు సంపాదించాం. మన డాబామీది యాంటెన్నా నుంచి కిటికీలోంచి దిగేదే, గుర్తుందా? ఆ వైరును కొలతప్రకారం కత్తిరిస్తే జె ఆకారపు యాంటెన్నా తయారవుతుంది. ఈ ఊహ 1909లో జర్మనీలో ఎయిర్‌షిప్పుల కోసం హాన్స్ బెగ్గెరో పేటెంటు చేసిన యాంటెన్నా నుంచి వచ్చింది. దాన్ని మిత్రుడి పెరట్లో చెట్టుకొమ్మకు పాతికడుగుల ఎత్తున వేలాడదీశాం. నాలుగున్నర మైళ్ళు అందింది! అయిదు వాట్లు మార్చలేదు. కొత్త రేడియో కొనలేదు. ఎత్తు పెంచాం, అంతే.

కొండమీది మనిషి

మరి చెట్టుకు బదులు కొండ దొరికితే? 1950లలో లాస్ ఏంజెలెస్‌లో ఆర్ట్ జెంట్రీ అనే అమెచ్యూర్ ఆ పనే చేశాడు. హాలీవుడ్ అక్షరాలు నిలబడ్డ మౌంట్ లీ మీద, తనంతట తానే పనిచేసే రిపీటరును నడిపాడు. అమెచ్యూర్ రిపీటర్లలో ఇదే మొదటిదని గౌరవిస్తారు. రిపీటరు ఒక ఫ్రీక్వెన్సీలో వింటుంది, విన్నదాన్ని అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో బలంగా పలుకుతుంది. మెట్లమీద నేను చేసిన పనే, కాకపోతే సినిమా చూడాలని తొందరపడదు!

మా పరీక్షల్లో అదే అయిదు వాట్ల రేడియో, దగ్గరలో టవరుమీదున్న రిపీటరు ద్వారా ముప్ఫై మైళ్ళ అవతలివారితో మాట్లాడింది. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. రిపీటరు మాట మనకు గట్టిగా వినపడినంత మాత్రాన మన మాట దానికి చేరుతుందని కాదు. దాని శక్తి ఎక్కువ, మనది తక్కువ. వినడం వేరు, వినిపించడం వేరు. అందుకే ఏ వీధిలోంచి, ఏ గదిలోంచి మన మాట రిపీటరుకు అందుతుందో ముందే పరీక్షించి రాసిపెట్టుకోవాలి. పరీక్షించేటప్పుడు ఊరికే మీట నొక్కి వదిలేయకుండా మన గుర్తు పేరు చెప్పడం నియమం.

ఈ శ్రమ ఎందుకో 2024 సెప్టెంబరులో అర్థమైంది. హెలీన్ తుఫాను మా రాష్ట్రపు పడమటి కొండల్ని ముంచెత్తింది. యాష్‌విల్ చుట్టుపక్కల కరెంటు పోయింది, ఇంటర్నెట్ పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. మిసిసిపీకి తూర్పున అన్నిటికంటే ఎత్తయిన శిఖరం, 2,037 మీటర్ల మౌంట్ మిచెల్ మీద అమెచ్యూర్లు నడిపే రిపీటరు మాత్రం పనిచేస్తూనే ఉంది. పగలూ రాత్రీ దానిమీద జనం మాట్లాడుకున్నారు. ఏ రోడ్డు తెగింది, ఎవరికి మందులు కావాలి, ఫలానా లోయలో మా అమ్మ ఎలా ఉంది. మా ఇంటి అటకమీద నేను కట్టుకున్న యాంటెన్నాతో ఆ గొంతులు సన్నగా వినపడ్డాయి. వింటూ కూర్చున్న నాకు ఎస్.టి.డి. బూతు గుర్తుకొచ్చింది.

మనం చేయగలిగింది

ఇది అమెరికాలో మాత్రమే జరిగే పని కాదు. హైదరాబాదు సంస్థ పంపిన బృందం 2004 డిసెంబరులో భారతి ప్రసాద్ నాయకత్వంలో అండమాన్ వెళ్ళింది. ప్రపంచ అమెచ్యూర్లతో సరదాగా మాట్లాడటానికి వెళ్ళినవారు, 26న సునామీ రాగానే సరదా కట్టిపెట్టి, ఆ రేడియోలతోనే ద్వీపాల కబుర్లు ప్రధాన భూభాగానికి చేరవేశారు. వారు వాడింది వేలమైళ్ళు పోయే వేరే రకం తరంగాలు. కానీ పాఠం ఒక్కటే. అవసరం వచ్చిననాటికి యాంటెన్నా కట్టి, పరీక్షించి ఉంది.

ఇక్కడున్న మనకు దారులు సులువు. అమెచ్యూర్ మొదటి పరీక్షలో 35 ప్రశ్నలకు 26 సరిగా రాస్తే చాలు. 2007 నుంచి మోర్స్ కోడ్ అక్కర్లేదు. పరీక్ష వద్దనుకుంటే జి.ఎం.ఆర్.ఎస్. లైసెన్సు ఉంది. 2022 నుంచి రుసుము 35 డాలర్లు, పదేళ్ళు చెల్లుతుంది. ఒకరు తీసుకుంటే భార్యాపిల్లలే కాదు, తల్లిదండ్రులు, అత్తమామలు, బాబాయిలు, మేనల్లుళ్ళు కూడా వాడుకోవచ్చు. మన ఉమ్మడి కుటుంబాలను చూసి రాసిన చట్టమా అనిపిస్తుంది! అయితే ఆ రేడియోలను సూట్‌కేసులో పెట్టుకుని ఇండియా తీసుకువెళ్ళకండి. అక్కడి లైసెన్సు వేరు.

చివరగా ఒక మనవి. మనలో చాలామంది ఊళ్ళో బడికి గదులు, రక్షిత మంచినీటి పథకాలు కట్టిస్తున్నాం. కోనసీమలోనూ దివిసీమలోనూ కొండల్లేవు. కానీ 1977 ఉప్పెన తర్వాత తీరం వెంట కట్టిన తుఫాను షెల్టర్ల డాబాలున్నాయి, వాటర్ ట్యాంకులున్నాయి. అక్కడి అమెచ్యూర్లతో మాట్లాడి, అనుమతులతో, ఒక డాబామీద ఒక గొట్టం, ఒక యాంటెన్నా, ఒక బ్యాటరీ, లైసెన్సున్న ఇద్దరు కుర్రవాళ్ళు. ఖర్చు ఒక గది కట్టించినంత కూడా కాదు. నెలకొకసారి పరీక్షించాలి, అదే అసలు ఖర్చు. ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే లాభంలేదని మన పెద్దలు ఊరికే అనలేదు.

నాన్నగారికిప్పుడు డెబ్భైఎనిమిదేళ్ళు. ఇప్పటికీ ప్రతి ఆదివారం వీడియోకాల్‌లో ముఖం కనిపించకముందే అడుగుతారు, "వినపడుతోందా?" అని. నేను ఊరికే "ఆఁ" అనను. ఆయన చెప్పిన మాట తిరిగి చెబుతాను. అందిందని ఆయనకు తెలియాలి కదా.