యూదుల పండుగ వంటలు, వాని గ్రంథములు

మాంసమును క్షీరమును ఒక్క పాత్రమున కలుపరాదనియు, పస్కా పండుగ దినములలో పులిసిన పిండిని ఇంట నుంచరాదనియు శాసించు నియమములు యూదుల మతగ్రంథములయందు వేలయేండ్లుగా నున్నను, వానికి లోబడి రుచిగా వండు విధమును మాత్రము కూతురు తల్లి ప్రక్కన నిలిచి చూచి నేర్చుకొనెడిదే గాని పుస్తకము చదివి నేర్చినది కాదు. పులియని రొట్టెను దంచిన పిండిలో గ్రుడ్లును కొవ్వును చేర్చి, ఆ ముద్దను కొంతసేపు నాననిచ్చి, ఉండలు చేసి మరుగుచున్న కోడిరసములో విడుచు నేర్పు చేతికి రావలసినదే. కుటుంబములు సముద్రములు దాటి చెదరిన పిమ్మటనే అది అక్షరములకెక్కవలసి వచ్చెను.

ఆంగ్లమున ఈ కోవలోని తొలి గ్రంథము 1846లో లండనునందు కర్త్రి పేరు లేకయే వెలువడెను. అది జూడిత్ మాంటెఫియోర్ దొరసాని కూర్చినదని పండితుల అభిప్రాయము. అమెరికాలో మొదటిది 1871లో ఫిలడెల్ఫియాయందు ఎస్తేర్ లెవీ ప్రకటించినది. పాకవిధానములతోపాటు యూదుల పంచాంగమును కూడ అందు చేర్చుటను బట్టి, వంటయింటికిని పండుగ తిథులకును గల సంబంధము ఆమెకు బాగుగా తెలియునని చెప్పవచ్చును. 1889 నాటి ‘ఆంట్ బాబెట్’ పుస్తకమున పస్కా వంటకములకును, యూదులకు నిషిద్ధములైన ఆల్చిప్పల వంటకములకును ఒకే అట్టల నడుమ చోటు దొరకెను. ధర్మబోధకులు ప్రసంగములలో కప్పిపుచ్చు సంగతులను వంటల పుస్తకములు దాచలేవు.

వీనియన్నింటిలో మిల్వాకీ నగరపు గ్రంథము కథ విశేషమైనది. తూర్పు ఐరోపానుండి వలసవచ్చిన బీదల ఆడపిల్లలకు అచ్చటి సేవాసదనమున వంట నేర్పుచుండిన లిజ్జీ కాండర్, పిల్లలు నల్లబల్లమీది పాఠములను వ్రాసికొనుటతోనే తరగతి కాలము గడచిపోవుచుండుట చూచి, వానిని అచ్చువేయింపదలచి 18 డాలర్లు కోరగా, సదనపు పెద్దలు నిరాకరించిరి. ఆమె వెనుదీయక ఊరి వర్తకుల ప్రకటనలు సంపాదించి, 1901లో 1000 ప్రతులు అచ్చొత్తించెను. ఆ పద్దు త్రోసివేసిన పెద్దమనుష్యుల దూరదృష్టి యెట్టిదో గాని, తరువాతి దశాబ్దములలో ఆ పుస్తకము సుమారు 20 లక్షల ప్రతులు చెల్లి, దాని రాబడితోనే సదనమునకు క్రొత్త భవనము లేచెను.

ఆనాడు ప్రకటనల పుటలకు పరిమితులైన వర్తకులు కాలక్రమమున తామే గ్రంథకర్తలైరి. పత్తిగింజల నూనెను గట్టిపరచి చేసిన, మన వనస్పతి వంటి క్రిస్కో 1911లో బజారున వెలసెను. అది పాలకును మాంసమునకును చెందనిది గనుక రెంటితోను వాడదగియుండుట యూద గృహిణులకు గొప్ప సదుపాయమయ్యెను. ఆ సంగతి గ్రహించిన ఉత్పత్తిదారులు 1933లో యిద్దిషు, ఆంగ్ల భాషలు రెంటను పాకపుస్తకము ముద్రించి పంచిరి. నానమ్మలు వాడిన పెద్దబాతు కొవ్వు రుచి ఆ డబ్బాలో నుండెనా యనునది వేఱు ప్రశ్న. దానిని వర్తకులు అడుగలేదు.