గాలి పడిన కడలిలో పంచాంగమే తెడ్డు

సముద్రయానం అనగానే మనకు తుఫానే గుర్తొస్తుంది. గాలి పూర్తిగా పడిపోయి ఓడ నిలిచిపోవడం అంతకు తక్కువ ఆపదేమీ కాదు. కానీ దాని ప్రస్తావన శాసనాల్లో అరుదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన మోటుపల్లి అభయశాసనం చూడండి. తుఫానుకు చితికిన ఓడల సరుకును రాజులు లాక్కునే అలవాటును అది మాన్పించింది, నిర్ణీత సుంకం తప్ప మరేమీ పుచ్చుకోబోమంది. తుఫాను సరుకును ఒడ్డుకు తోస్తుంది, దాని మీద తగవు పుడుతుంది, తగవు తీర్చడానికి శాసనం వస్తుంది. గాలి లేక ఆగిన ఓడ మీద మాత్రం ఏ రాజుకూ పని లేదు. అందుకే ఈ కథను శాసనాల్లో కాదు, ఓడలు బయల్దేరిన నెలల్లో వెతకాలి. నిశ్చల సముద్రాన్ని మనిషి కండబలంతో గెలవలేదు, ఎప్పుడు బయల్దేరాలో, ఎక్కడ దాటాలో తెలుసుకుని తప్పించుకున్నాడు.

మన మసాలియా (మచిలీపట్నం ప్రాంత) తీరపు సన్నబట్టలను ప్రస్తావించిన 'పెరిప్లస్' అనే ఒకటో శతాబ్దపు గ్రీకు గ్రంథం, ఈజిప్టు నుంచి ఇటు రావాలంటే జూలైలో బయల్దేరమంటుంది. అది నైరుతి గాలి జోరుగా వీచే కాలం. రెండు తెరచాప కొయ్యల ఓడను నాణెం మీద ముద్రించిన యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు వర్తకులకూ రుతువే ఆధారం. ఆ అనుభవం పటంగా మారడానికి చాలా కాలం పట్టింది. 1686లో ఇంగ్లీషు ఖగోళ శాస్త్రవేత్త ఎడ్మండ్ హాలీ గాలుల పటం గీశాడు. 1847 నుంచి అమెరికా నావికాధికారి మౌరీ పాత ఓడల లాగ్‌బుక్కులు తిరగేసి, ఏ నెలలో ఏ దారిన గాలి దొరుకుతుందో అచ్చువేయించాడు.

భూమధ్యరేఖ దగ్గర ఎండకు వేడెక్కిన గాలి పక్కలకు వీచకుండా పైకి లేస్తుంది. నావికులు డోల్డ్రమ్స్ అనే ఆ పట్టీ ఏడాది పొడవునా ఉత్తర దక్షిణాలకు జరుగుతూనే ఉంటుంది. అక్కడ తెరచాప వేలాడుతుంది. అల మాత్రం ఆగదు. పడవ ఊగినప్పుడల్లా చాప కొయ్యకు కొట్టుకుని చిరుగుతుంది. కాబట్టి పెద్ద చాపను దించి, చిన్న తెమ్మెరకూ నిండే పలచని చాప ఎత్తుతారు, అప్పుడప్పుడూ కురిసే జల్లును పట్టి తాగునీటికి దాస్తారు. విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య సహా ఆరుగురు భారత నౌకాదళ మహిళలు 'తారిణి' అనే తెరచాప పడవలో 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, 25న భూమధ్యరేఖ దాటారు. సూటిగా కొలిస్తే అది 930 నాటికల్ మైళ్లు. గాలి బాగుంటే అలాంటి పడవకు వారం పని. పదిహేను రోజులు పట్టిందంటే మొత్తం నిశ్చలం వల్లే అనలేం, వంకర దారులూ ఉంటాయి. కానీ గాలిని బట్టే లెక్క మారుతుందన్నది మాత్రం నిజం.

తెడ్లు లేవా అని అడగొచ్చు. ఒడ్డు వెంబడి తిరిగే పడవకు సరే, సరుకు నిండిన ఓడను రోజుల తరబడి తెడ్డు వేసి నడపాలంటే వందలమంది కావాలి, వాళ్లు తాగే నీళ్లకే ఓడ చాలదు. ఇంజిన్, ఉపగ్రహ సమాచారం వచ్చాక ఇదంతా పాతకథే గదా అన్నది బలమైన అభ్యంతరం. వ్యాపార నౌకలకు అది ఒప్పుకోవాల్సిందే. కానీ చిన్న పడవలో ఇంధనం కొద్ది రోజులకే వస్తుంది, తెరచాపతో భూమిని చుట్టే పోటీల్లో పడవ నడపడానికి ఇంజిన్ సాయం నిషిద్ధం. ఉపగ్రహం గాలి ఎక్కడుందో చెబుతుంది, గాలిని పుట్టించదు. అంటే అది పంచాంగానికి కొత్త అచ్చు, అంతే.

పుంగనూరు దగ్గరి మన సోమలకు సముద్రం దూరమే. అయినా ఈ లెక్క మనకు పరాయిది కాదు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవు గుండా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్లు ఎందరో. పుంగనూరు, కుప్పం ప్రాంతాలు అప్పట్లో ఆ జిల్లాలోవే. తొలినాళ్లలో వాళ్లను మోసిన వాటిలో తెరచాప ఓడలూ ఉన్నాయి. ఆ ఓడల జాబితాలు పేరు, తండ్రి పేరు, ఊరుతో సహా నేటికీ మిగిలి ఉన్నాయి. మీ పూర్వీకుల కోసం వెతుకుతుంటే ఊరి పేరుతో ఆగకుండా, ఓడ మద్రాసు వదిలిన తేదీ, నాటాల్ చేరిన తేదీ కూడా పక్కపక్కన రాసుకోండి, ఆ మధ్య రోజుల్లోనే గాలి లెక్క ఉంటుంది.