గోస్తనీ నీరు - ఢిల్లీ నిధులు

అరకులోయకు పొరుగుననున్న అనంతగిరి కొండలలో గోస్తనీ నది పుట్టుచున్నది. బొర్రా వద్ద సున్నపురాతిని తొలుచుకొని గుహలలో ప్రవహించి, కొండలు దిగి, తాటిపూడి జలాశయములో నిలిచి, అటుపై భీమునిపట్నము చెంత సముద్రములో కలియును. 1963-68 సంవత్సరముల మధ్య నిర్మించిన ఈ జలాశయము పొలములకు సాగునీరును, విశాఖపట్నమునకు త్రాగునీరును ఇచ్చుచున్నది. విశాఖలో కొళాయి త్రిప్పిన గృహిణి పట్టు బిందెలో కొండ గెడ్డల నీరు కొంత ఉన్నదన్నమాట.

20వ శతాబ్దారంభమున విశాఖ పట్టణమునకు ముడసర్లోవ చెరువు నీరు చాలినది. పట్టణము పెరిగిన కొలదియు తాటిపూడి, మేఘాద్రిగెడ్డ, రైవాడ, ఏలేరు వరుసగా తోడైనవి. 1979లో విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినది. 2005లో గాజువాక పురపాలక సంఘమును, 32 గ్రామములను కలుపుకొని మహా విశాఖ నగరపాలక సంస్థగా మారినది. క్రొత్తగా కలిసిన వాడలు క్రొత్త గొట్టములు కోరినవి. పాత నగరములో వేసిన గొట్టములకు అప్పటికే వార్ధక్యము వచ్చినది.

గొట్టమునకు వార్ధక్యమేమిటి? పోత ఇనుప గొట్టము లోపల ఏండ్ల తరబడి తుప్పు గడ్డలు కట్టును. పైనుండి చూచినచో గొట్టము యథాతథముగనే ఉండును. లోపలి దారి మాత్రము ఇరుకగును. దారి వ్యాసము నాలుగవవంతు తగ్గినచో, ఒత్తిడి మారకున్నను, పారు నీరు సగముకంటె తక్కువగును. అంతకంటె పెద్ద ప్రమాదము మరొకటి గలదు. రోజుకు కొంతసేపే నీరు వదలు ఊళ్లలో, నీరు ఆగిన వేళ గొట్టములో ఒత్తిడి పడిపోవును. అప్పుడు పగుళ్లగుండా ప్రక్కనున్న మురుగు లోనికి చొరబడును. కాబట్టి పాత గొట్టము నీటి కొరతకేగాక రోగమునకును కారణము కాగలదు.

దానిని మార్చు సొమ్మెవరిది? 1992లో ఆమోదము పొంది 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పురపాలక సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను పండ్రెండవ షెడ్యూలులో చేర్చినది. అందులో నీటి సరఫరా ఒకటి. బాధ్యత ఊరికి వచ్చినది గాని, ఆదాయపు పన్ను వంటి పెద్ద రాబడులు కేంద్రము వద్దనే నిలిచినవి. ఊరికి మిగిలినవి ఇంటి పన్ను, నీటి రుసుము, మరికొన్ని చిల్లర పద్దులు. అందువలన నగరములు ఢిల్లీ వైపు చూడక తప్పలేదు. పదవ ఆర్థిక సంఘము 1995-2000 కాలమునకు దేశములోని పట్టణ సంస్థలన్నిటికిని కలిపి 1,000 కోట్ల రూపాయలు సూచించినది. దేశమంతటికి పంచిన ఆ మొత్తము ఏ మూలకు?

2005 డిసెంబరు 3న జవాహర్‌లాల్ నెహ్రూ పేర జాతీయ పట్టణ నవీకరణ పథకము ఆరంభమైనది. విశాఖ తరగతి నగరములకు ఖర్చులో కేంద్రము 50, రాష్ట్రము 20, నగరము 30 పాళ్లు భరింపవలెను. అరిగిపోయిన గొట్టములను మార్చుట కూడ సహాయార్హమైన పనియని ఆ పథకము స్పష్టముగ చెప్పినది. ఇది మెచ్చదగిన మాట. విశాఖకు మంజూరైన పనులలో పాత నగరపు నీటి సరఫరా, తాటిపూడి పాత గొట్టపు మార్గమును మార్చుట చేరినవి. అయితే ఒక మెలిక. మార్చుటకు కేంద్రము సొమ్మిచ్చును. మార్చినదానిని ఏటేట కాపాడు ఖర్చు నగరమే, అదియు ఏడు సంవత్సరములలో నీటి రుసుముల నుండియే రాబట్టవలెను. కొళాయి రుసుము పెంచుటకు ఏ పాలకవర్గము ఉత్సాహపడును? మంజూరైన పనికి మొదలు తుది ఉండును. తుప్పుకు అవి లేవు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపై విరుచుకుపడినది. కరెంటు పోయినది, నీరెత్తు పంపులు ఆగిపోయినవి. అరకు వైపు కాఫీ తోటలకు నీడనిచ్చు వెండి ఓకు చెట్లు కూలినవి. రెండు దినముల తరువాత ప్రధానమంత్రి వచ్చి 1,000 కోట్ల మధ్యంతర సహాయము ప్రకటించిరి. దశాబ్దముల తరబడి కారు గొట్టమునకు ఇంత త్వరగా సొమ్మురాదు. తుపాను కంటికి కనుపించును గదా!

2015 జూన్ 25న అమృత్, స్మార్ట్ నగరముల పథకములు వెలువడినవి. పది లక్షల జనాభా దాటిన నగరములకు అమృత్‌లో కేంద్రము వంతు మూడింట ఒకటి మాత్రమే. అనగా విశాఖ వంటి నగరము మునుపు పొందిన సగము పాలు తగ్గినది. 2016 జనవరిలో విశాఖ మొదటి ఇరువది స్మార్ట్ నగరములలో ఎంపికైనది. 2018లో ముడసర్లోవ నీటిపై 2 మెగావాట్ల సౌర పలకలు తేలినవి. చూడముచ్చటయైన పనియే, చెరువు క్రింది గొట్టముల సంగతి వేరు.

ఈ లెక్కలన్నిటిలో కొండకు పద్దు లేదు. వాలుపై చెట్టు పోయినచో మన్ను గెడ్డలలోనికి దిగి జలాశయములో మేటవేయును. నీరు నిలుచు చోటు తగ్గును. 1997లో న్యూయార్క్ నగరము, వందల కోట్ల డాలర్లతో శుద్ధి కర్మాగారము కట్టుటకు బదులు, నీరు వచ్చు కాట్స్‌కిల్ కొండల గ్రామములతో ఒప్పందము చేసికొని, అచ్చటి అడవిని, పొలములను కాపాడుటకు సొమ్ము వెచ్చించినది. అనంతగిరిలో వాలును కాచువారు గిరిజనులు. వారి గ్రామములలో అనేకము ఊట నీటిపై ఆధారపడినవి. వారి కొళాయిలకు 2019లో వచ్చిన జల జీవన పథకము వేరు, నగరపు పథకములు వేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు పునర్విభజింపబడిన పిమ్మట, గోస్తనీ పుట్టు అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, నీరు నిలుచు తాటిపూడి విజయనగరము జిల్లాలో, త్రాగు నగరము విశాఖపట్నము జిల్లాలో ఉన్నవి.