తులిప్పుకు తలపాగా, అడవినాభికి నాగలి



శ్రీనగరంలో 2007లో ప్రారంభమైన తులిప్ తోట చిత్రాలను ప్రతి వసంతంలోనూ పత్రికలలో చూస్తూనే ఉన్నాము. ఆ తోటపూల పూర్వులు మధ్య ఆసియాలోని తియెన్ షాన్, పామీర్ పర్వతాలలో పుట్టిన అడవిపూలు. అవి తురుష్క సుల్తానుల ఉద్యానాలను అలంకరించి, పిదప ఐరోపాకు చేరాయి. 1593లో లైడెన్ నగరానికి వచ్చిన క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడి ఉద్యానంలో తులిప్పులను పెంచాడు. 1637 నాటికి హాలండులో వాటి దుంపల బేరాలు ఆకాశానికెగసి, ఒక్కసారిగా కుప్పకూలాయి.

పారశీకులకూ తురుష్కులకూ అది 'లాలె'. ఐరోపావారు మాత్రం తలపాగా గుడ్డకున్న తురుష్క నామం 'తుల్బెంద్' నుండి 'తులిప్' అన్నారు. ఆ పర్వతాల ఎర్రతులిప్పు ఒకదానికి 1873లో రెగెల్ అనే పండితుడు, రష్యా ఉద్యానసంఘాధ్యక్షుడైన గ్రేగ్ పేరు పెట్టాడు. ఆ మొక్క ఎలా బ్రతుకుతుందో ఈ పేర్లలో ఏదీ చెప్పదు.

తులిప్ దుంపకు దీర్ఘమైన చలి కావాలి కనుక అది మా విజయనగరంలో నిలువదు. కాని దానికి దూరపు బంధువు మా కంచెల మీదనే ఉన్నది. వేసవి అంతా నేలలో నిద్రించి, తొలకరికి మేల్కొని, ఆకుకొనలనే నులితీగలుగా చేసుకొని ప్రాకుతుంది. పూరేకులు పైకి మడిచి, పసుపు నుండి ఎరుపుకు మారుతూ మండుతుంది. లిన్నేయస్ 1753లో దీనిని 'గ్లోరియోసా సుపర్బా' అన్నాడు. అందులో ఉన్నది వైభవమే.

మనవారి పేర్లు చూడండి. పువ్వును చూచి 'అగ్నిశిఖ' అన్నారు. దుంప నాగలివలె వంగి ఉండడం చేత 'లాంగలి'. గర్భిణులకు హెచ్చరికగా 'గర్భపాతిని'. హిమాలయాలలోని విషమూలమైన నాభిని తలపించినందున తెలుగులో 'అడవినాభి'. తమిళులు దీనిని కాందళ్ అని పిలిచి, సంగకాలపు కురింజిప్పాట్టులోని పూల పట్టికలో మొదట నిలిపారు. నేడు వారికిది రాష్ట్రపుష్పం.

నేను సంస్కృత కళాశాలలో అమరకోశం వల్లెవేసినప్పుడు 'అగ్నిశిఖ' నాకు ఒక శబ్దం మాత్రమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సాలూరు వైపు ఒక పల్లె బడిలో, ఆ మాటకు "ఒక ఓషధి" అని అర్థం చెప్పి ముందుకు సాగబోయాను. కిటికీ ప్రక్కనున్న కంచె మీది పూవును చూపించి, "అదేటి పువ్వురా?" అని నేనే కుతూహలంగా అడిగాను. ఒక పిల్లవాడు లేచి, "దాని దుంప తింటే సచ్చిపోతారంట మేష్టారూ. ముట్టుకుంటే మాయమ్మ తంతాది" అన్నాడు.

నేను వివరించలేకపోయిన ఓషధి అదేనని సాయంత్రం నిఘంటువు తిరగేస్తే గాని తెలియలేదు. పేర్లన్నీ నా దగ్గర ఉన్నవి. మొక్క వాడి దగ్గర ఉన్నది. ఆ దుంపను చిలగడదుంపగా భ్రమించి తిని ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. ఇందులోని కాల్చిసిన్ మోతాదులో కీళ్ళవాతానికి మందు, మోతాదు మీరితే మృత్యువు. పూర్వులు పేరులోనే పొదిగి పంపిన ఆ హెచ్చరికను, అర్థం చెప్పవలసిన నేను అందుకోలేదు. చదువురాని తల్లి తన బిడ్డకు అందించింది.

మీ ప్రాంతంలో దీనినేమని పిలుస్తారో వ్యాఖ్యలలో తెలుపగలరు. మొక్కను మీ పిల్లలకు దూరం నుండి చూపించి మరీ తెలుపండి.