పది లైన్లు, వేయి పిలుపులు: టెలిఫోను నుండి వెబ్ డేటాబేసు వరకు

ఒకప్పుడు మన పట్టణములలో బడి ప్రక్కనో, బజారు మొదటనో అద్దె సైకిళ్ళ దుకాణము తప్పక యుండెడిది. దుకాణదారుని వద్ద పది సైకిళ్ళే యుండెడివి. వాటిని అద్దెకు తీసికొనువారు మాత్రము నూర్లమంది. అయినను పెద్దగా కొరత కలిగెడిది కాదు. ఒకడు అరగంటకు సైకిలు తీసికొనిపోవును. పని ముగించుకొని తిరిగి తెచ్చి యిచ్చును. వెంటనే దానిని మరియొకడు తీసికొనును. కాని తీసికొనిపోయినవాడు సైకిలును చెట్టునకు ఆనించి నిద్రపోయినచో ఏమగును? అట్టివారు పదిమంది చేరినచో, దుకాణము తెరచియున్నను మూసినట్లే.

ఈ చిన్న లెక్కయే నేడు రైలు టిక్కెట్లు అమ్ము వెబ్‌సైటులలోను, పరీక్షా ఫలితములు చూపు వెబ్‌సైటులలోను నిత్యము ఎదురగుచున్నది. అచ్చట సైకిళ్ళ స్థానమున ఉండునవి డేటాబేసు కనెక్షన్లు. సమాచారము నిలువయుండు డేటాబేసుతో వెబ్ ప్రోగ్రాము మాటలాడవలెనన్న ఒక కనెక్షను కావలయును. ఒక పనికై ఆ కనెక్షనును పట్టుకొని, పని ముగించి, విడుచువరకు జరుగు సంభాషణను ‘సెషను’ అందురు. కనెక్షన్లు కొద్ది, అడుగువారు పెక్కుమంది. ఈ కొద్దిపాటి వనరును అందరికి సరిపెట్టుట ఎట్లు? ఈ ప్రశ్నను మొట్టమొదట గణితముగా మలచినవాడు కంప్యూటరును చూచి యెరుగడు. అతడు డెన్మార్కు దేశపు బడిపంతులు.

ఉపాధ్యాయుని లెక్క

ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ 1878వ సంవత్సరము జనవరి 1న డెన్మార్కులోని లోన్‌బోర్గ్ గ్రామమున జన్మించెను. తండ్రియు ఉపాధ్యాయుడే. 1901లో కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున గణితములో పట్టము పొంది, ఎర్లాంగ్ కొన్ని సంవత్సరములు పాఠశాలలలో బోధించెను. గణిత సంఘపు సమావేశములలో అతనికి యోహాన్ యెన్సెన్ అను గణితజ్ఞునితో పరిచయమయ్యెను. యెన్సెన్ కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో ప్రధాన ఇంజనీరు. ఆ పరిచయము వలన ఎర్లాంగ్ 1908లో ఆ కంపెనీలో చేరెను.

అచ్చటి చిక్కు ఇది. రెండు ఎక్స్ఛేంజిల నడుమ ఎన్ని లైన్లు వేయవలెను? చందాదారుని కొక లైను చొప్పున వేసినచో ఖర్చు భరింపరాదు. మరీ తక్కువ వేసినచో పిలిచినవారికి లైను దొరకదు. పిలుపులు ఎప్పుడు వచ్చునో ఎవరును చెప్పలేరు. 1909లో ప్రకటించిన వ్యాసమున ఎర్లాంగ్, అనుకొనకుండ వచ్చు ఈ పిలుపులును సంభావ్యతా సూత్రమునకు లోబడియే యుండునని చూపెను. 1917లో లైను దొరకకపోవు అవకాశమును, వేచియుండవలసిన కాలమును లెక్కించు సూత్రములను వెలువరించెను. అతడు 1929లో మరణించెను. 1946లో టెలిఫోను రద్దీని కొలుచు ప్రమాణమునకు అంతర్జాతీయముగా ‘ఎర్లాంగ్’ అని అతని పేరే పెట్టిరి.

ఈ ప్రమాణము విద్యార్థులకు సులభముగా బోధపడును. గంటలో వచ్చు పిలుపుల సంఖ్యను, ఒక్కొక్క పిలుపు లైనును పట్టియుంచు కాలముచే హెచ్చింపవలెను. గంటకు 30 పిలుపులు, ఒక్కొక్కటి 5 నిమిషములు అనుకొందము. మొత్తము 150 నిమిషములు, అనగా రెండున్నర గంటలు. అదియే 2.5 ఎర్లాంగుల భారము.

ఈ భారమునకు 5 లైన్లు ఇచ్చినామనుకొందము. లైను దొరకనివాడు మరల ప్రయత్నింపక వెడలిపోవు నెడల, నూటికి సుమారు 7 పిలుపులు విఫలమగునని ఎర్లాంగ్ సూత్రము చెప్పును. ఇట్టి పేటలు రెండున్నవి. ఒక్కొక్కదానికి వేరువేరుగా 5 లైన్లు. ఇప్పుడు రెండింటిని కలిపి 10 లైన్లను ఉమ్మడిగా వాడినచో? భారము 5 ఎర్లాంగులు, లైన్లు 10. విఫలమగు పిలుపులు నూటికి రెండింటి కంటెను తక్కువ. ఒక్క లైనైనను అదనముగా వేయలేదు; పంచుకొను విధము మారినది, అంతే.

ఇక అదే ఉమ్మడి లైన్లపై అంతమందే పిలుచుచు, ఒక్కొక్కరు 5 నిమిషములకు బదులు 10 నిమిషములు మాటలాడినచో భారము 10 ఎర్లాంగులగును. అప్పుడు నూటికి 21 పిలుపులు విఫలమగును! పిలుచువారు పెరుగలేదు, లైనును పట్టియుంచు కాలమే పెరిగినది. మన కథకు ఈ రెండు ఫలితములును పునాదులు.

విమానపు సీట్లు, గుమాస్తాల ఆలోచన

అమెరికాలో 1950 ప్రాంతమున విమానపు సీట్ల లెక్కలు అట్టలపై వ్రాసి యుంచెడివారు. ప్రయాణికులు పెరిగిన కొలది ఆ పద్ధతి నడువదయ్యెను. 1953లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధ్యక్షుడు సి. ఆర్. స్మిత్, ఐబీఎం ఉద్యోగి బ్లెయిర్ స్మిత్ ఒకే విమానమున ప్రక్క ప్రక్క సీట్లలో తటస్థపడిరి. వారి సంభాషణ నుండి పుట్టిన ‘సేబర్’ వ్యవస్థ 1964 నాటికి ఆ సంస్థ సీట్ల కేటాయింపు నంతటిని చేపట్టెను. రెండు ఐబీఎం 7090 కంప్యూటరులు, వాటికి టెలిఫోను లైన్ల ద్వారా కలిపిన సుమారు 1,500 టెర్మినళ్ళు!

ఇన్ని టెర్మినళ్ళకు ఒక యంత్రము ఎట్లు చాలినది? గుమాస్తా ప్రయాణికునితో మాటలాడు కాలము నిమిషములు. యంత్రము సీటు వెదకు కాలము అత్యల్పము. గుమాస్తా మాటలాడుచున్నంతసేపు యంత్రమును అతనికే అంకితము చేసినచో, అది సైకిలును చెట్టునకు ఆనించి నిద్రించుటయే. కావున ప్రతి కోరికను చిన్న పనిగా విడదీసి, ముగించి, మరియొక కోరికకు పోవు పద్ధతి అనుసరించిరి.

1969లో ఐబీఎం విడుదల చేసిన సీఐసీఎస్ అను వ్యవస్థను వాడినవారు ఈ పద్ధతిని ఇంకను తీర్చిదిద్దిరి. గుమాస్తా ముందు పత్రము చూపిన వెంటనే ప్రోగ్రాము ముగిసిపోవును. తాను ఎంతవరకు వచ్చినదో చిన్న గుర్తు మాత్రము వ్రాసి యుంచును. గుమాస్తా మీట నొక్కగనే, ఆ గుర్తును చూచి క్రొత్తగా మొదలిడును. గుమాస్తాకు సంభాషణ ఎడతెగక సాగుచున్నట్లే తోచును. నిజమునకు నడుమ యంత్రము ఇతరుల పనిలో నుండును. మనిషి ఆలోచించునప్పుడు యంత్రపు వనరులను పట్టియుంచరాదు అను నియమము ఇట్లు స్థిరపడెను.

వెబ్ తెచ్చిన వరద

1970లో ఎడ్గర్ కాడ్ పట్టికల రూపమున సమాచారము నిలుపు సిద్ధాంతమును ప్రకటించెను. దాని ఆధారముగా డేటాబేసులు వెలసినవి. 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ కేంద్రమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున పోస్ట్‌గ్రెస్ మొదలయ్యెను; నేడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనబడునది దాని సంతతియే.

ఇట్టి డేటాబేసుకు కనెక్షను ఏర్పరచుట తేలిక పని కాదు. మొదట రెండు యంత్రముల నడుమ నెట్‌వర్కు మార్గము ఏర్పడవలెను, పేరు, సంకేతపదము సరిచూడవలెను, మెమరీ కేటాయింపవలెను. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఒక్కొక్క కనెక్షనునకు ప్రత్యేకముగా ఒక ప్రాసెసును ప్రారంభించును. ఆఫీసులో పదిమంది ఉద్యోగులు ఉదయము కనెక్షను తెరచి సాయంత్రము మూయు కాలమున ఈ శ్రమ ఎవరికిని బరువు కాలేదు.

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనాలయమున ప్రతిపాదించిన వెబ్ 1991లో బయటి ప్రపంచమునకు అందెను. 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్ఏ సంస్థ వెబ్ సర్వరు ఇతర ప్రోగ్రాములను నడుపుటకు సీజీఐ అను పద్ధతిని రూపొందించెను. ఇందులో ఒక్కొక్క కోరికకు ఒక ప్రోగ్రాము క్రొత్తగా పుట్టును. డేటాబేసు కావలసినచో కనెక్షను తెరచును. ఒక్క ప్రశ్న వేసి, మూసి, నశించును. ఒక ఉత్తరము వేయుటకు తపాలా ఆఫీసు కట్టి, వేసిన పిదప కూల్చివేయుట వంటిది ఇది. సందర్శకులు పెరుగగనే సర్వరులు కనెక్షన్లు తెరచి మూయుటలోనే అలసిపోయినవి.

విరుగుడు పాతదే: ఉమ్మడిగా వాడుకొనుట. కొన్ని కనెక్షన్లను ముందే తెరచి సిద్ధముగా నుంచుదురు. దీనిని కనెక్షన్ పూల్ అందురు. కోరిక వచ్చినప్పుడు సెషను పూల్ నుండి ఒక కనెక్షనును ఎరువు తీసికొనును. పని ముగియగనే తిరిగి యిచ్చును. కనెక్షను మూయబడదు, మరియొకరి కొరకు వేచియుండును. జావా భాషకు 1997 నుండియు డేటాబేసు అనుసంధానము ఉండగా, పూల్ ఏర్పాటు కూడ తరువాత ఆ ప్రమాణములలో చేరెను. పైథాన్ భాషకు 2006లో వచ్చిన ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ లోను ఇట్టి పూల్ కలదు. 2007లో వెలువడిన పీజీబౌన్సర్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ముందు నిలిచి అనేక ప్రోగ్రాములకు కొద్ది కనెక్షన్లనే పంచును. దీనిని తయారుచేసినది ఇంటర్నెట్ టెలిఫోను సేవ నడపిన స్కైప్ సంస్థ (ఆ సేవ 2025లో ముగిసినది). టెలిఫోను కంపెనీలో పుట్టిన లెక్క టెలిఫోను సంస్థకే ఇట్లు తిరిగివచ్చినది.

కిటికీలు పోయిన పిదప

మన రైల్వేలలో కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో ప్రారంభమైనది. పిదప ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాదు కేంద్రములును ఏర్పడినవి. ఈ కేంద్రములను ఒకదానితో నొకటి కలుపుటకు రూపొందించిన ‘కాన్సర్ట్’ ప్రోగ్రామును 1994లో మొదట సికింద్రాబాదులో నెలకొల్పిరి. 1999 నాటికి ఐదు కేంద్రములును కలిసినవి. 2002లో ఇంటర్నెట్ ద్వారా టిక్కెట్ల అమ్మకము మొదలయ్యెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. స్టేషనులో ఇరువది కిటికీలున్నచో, వెలుపల వరుస ఎంత పొడవున్నను, లోపలి యంత్రమును ఒకేసారి అడుగువారు ఇరువది మందే. కిటికీయే రద్దీకి ఆనకట్ట. ఇంటింట ఫోనులో టిక్కెట్టు తీసికొను కాలమున ఆ ఆనకట్ట లేదు. తత్కాల్ తెరచు క్షణమున ఎందరు మీట నొక్కుదురో అందరును ఒకేసారి వత్తురు. ఇట్టి వెబ్‌సైటులలో కిటికీల పని చేయవలసినది పూల్ వంటి ఏర్పాట్లే. అది సరిగా నడువనిచో ఊరికి పోవలసినవానికి బెర్తు దొరకదు. ఫలితము చూడవలసిన విద్యార్థి తెల్లని తెరను చూచుచు కూర్చుండును.

ఎన్ని కనెక్షన్లు చాలును?

1961లో అమెరికా గణితజ్ఞుడు జాన్ లిటిల్ ఒక సరళ సూత్రమును నిరూపించెను. సెకండునకు వచ్చువారి సంఖ్యను, ఒక్కొక్కరు ఉండు సగటు కాలముచే హెచ్చించినచో, ఏ క్షణముననైనను లోపలనుండు వారి సగటు సంఖ్య వచ్చును. సెకండునకు 200 కోరికలు. ఒక్కొక్కటి కనెక్షనును సెకండులో ఏబదవ వంతు పట్టియుంచును. 200ను 50చే భాగింపగా, సగటున 4 కనెక్షన్లే పనిలోనుండును! హెచ్చుతగ్గులకు మరికొన్ని చేర్చినను పదియో పదిహేనో చాలును.

ఇప్పుడు ప్రోగ్రాము వ్రాసినవాడు సెషను ముందే తెరచి, కనెక్షను చేతనుంచుకొనియే బ్యాంకు సర్వరు జవాబునకై అరసెకండు వేచినాడనుకొందము. అదే 200 కోరికలకు సగటున 100 కనెక్షన్లు కావలయును. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మామూలుగా అనుమతించు గరిష్ఠ సంఖ్యయే 100.

అట్లని పూల్ పెంచుట సరియైన ఉపాయము కాదు. డేటాబేసు యంత్రములోని ప్రాసెసర్లు, డిస్కులు అన్నియే; కనెక్షన్లు అతిగా పెరిగినచో అవి తమలో తాము పెనుగులాడి అందరి పనియు మందగించును. లెక్క తప్పు అవకాశమును కలదు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ పూల్ మామూలుగా 5 కనెక్షన్ల నుంచుకొని, అవసరమైనచో మరి 10 తెరచును. అవియు చాలనిచో 30 సెకండ్లు వేచి, పిదప తప్పు చూపును. ఒక ప్రోగ్రామునకు 15 గదా యని పది ప్రతులు నడిపినచో, ఒక్క డేటాబేసుపై 150 పడును! అది 100 వద్దనే ద్వారము మూయును.

కావున అనుభవజ్ఞులు పాటించు నియమములు ఇవి. సెషనును అవసరమైన క్షణమున తెరువవలెను. పని ముగిసిన క్షణమున మూయవలెను. ఒక్కొక్క కోరికకు ఒక సెషను ఉండవలెను. ఒకే సెషనును ఇద్దరు వాడరాదు. ఇతర సర్వరుల జవాబునకు వేచునప్పుడు కనెక్షను చేతనుండరాదు. అన్నిటికంటె ముఖ్యము, నడుమ తప్పు జరిగినను కనెక్షను తిరిగి చేరు ఏర్పాటుండవలెను. తప్పు జరిగిన ప్రతిసారి ఒకటి తిరిగిరాకున్నచో, పదిహేనవ తప్పుతో పూల్ ఖాళీ యగును. డేటాబేసు తీరికగా నుండును. వెబ్‌సైటు మాత్రము కదలదు. వెదకువారు తరచు డేటాబేసులో దోషము వెదకుదురు. దోషము తిరిగి యీయని చేతిలో నున్నది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. బల్లపై మూడు సుద్దముక్క లుంచి, పన్నెండుగురు విద్యార్థులను ఒక్కొక్క లెక్క నల్లబల్లపై వ్రాయుమని, పట్టిన కాలము గుర్తింపుడు. రెండవసారి, సుద్దముక్క చేతనుంచుకొనియే లెక్క ఆలోచింపవలెనని చెప్పుడు. మూడవసారి, ముందే ఆలోచించుకొని వచ్చి సుద్దముక్క తీసికొనవలెనని చెప్పుడు. చివరిసారి ఒక విద్యార్థితో రహస్యముగా, సుద్దముక్కను జేబులో వేసికొని కూర్చుండుమనుడు. నాలుగు కాలములను ప్రక్క ప్రక్క వ్రాసి చూపినచో, ఎర్లాంగ్ నూరేండ్లకు పూర్వము కనుగొన్నది పిల్లలే చెప్పగలరు.